గోడాపక్క జాగా

మా అత్త టౌన్ పంచాయితీ మెంబరు ఎలా అయిందో తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. ఆడవాళ్ళకు సీటు ఇచ్చి తీరాలని పైనుంచి కొత్త చట్టం వచ్చిందట. ఊళ్ళో పెద్దమనుషులంతా కూర్చుని, నోట్లో నాలుక లేని ఆడమనిషి ఎవరా అని వెదికి ఆమెను పెట్టారు. ఛైర్మన్ మా మామకు స్వయానా అన్న, అంటే ఆమెకు బావ. ఆయన ఎదురొస్తే ఆమె కొంగు తలమీదికి లాక్కుని గోడవారగా నిలబడేది. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆయనతో నేరుగా ఒక్క మాట ఆడి ఎరగదు. అలాంటి మనిషిని తీసుకుపోయి ఆయన ఎదుట కుర్చీలో కూర్చోబెట్టారు. తెలివంటే వాళ్ళదే.

నేను అప్పటికి ఆ ఇంటికి కొత్త కోడలిని. ఇప్పటివాళ్ళకు ఒక సంగతి విడమరిచి చెప్పాలి. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఏ ఇంట్లోనూ మరుగుదొడ్డి లేదు. పాడుబడిన కోట మట్టిగోడ వెనక, తుమ్మలాంటి జాలిచెట్ల నడుమ కొంత బయలు ఉండేది. అది ఆడవాళ్ళది. దానికి పేరంటూ లేదు. ‘గోడాపక్కకు పోయొస్తాం’ అనేవాళ్ళం, అదీ మాలో మేమే. ఆ దారిన పోయే మగవాళ్ళు ముందుగానే దగ్గి, మొహం అటు తిప్పుకుని పోయేవాళ్ళు. ఊళ్ళో ప్రతి మగవాడికీ ఆ సంగతి తెలుసు. తెలిసినట్టు ఒక్కడూ కనపడడు. మర్యాద అంటే అదేనని అందరం అనుకున్నాం.

తెల్లవారకముందు ఒకసారి, దీపాలు పెట్టినాక ఒకసారి చెంబులు పట్టుకుని గుంపుగా పోయేవాళ్ళం. ఎవరి మొగుడు తాగివచ్చి కొట్టాడో, ఎవరి కూతురికి సంబంధం కుదిరిందో, ఏ బావిలో పిల్లి పడిందో అన్నీ అక్కడే తెలిసేవి. అత్త మెంబరయ్యాక ఆడవాళ్ళ అర్జీలూ అక్కడే మొదలయ్యాయి. అందరూ అడిగింది ఒకటే, బస్టాండు. బళ్ళారి బస్సు కోసం చంటిపిల్లలను చంకనేసుకుని, నెత్తిన కొంగు కప్పుకుని, ఆ ఎండలో రోడ్డుమీద నిలబడి చచ్చేవాళ్ళం మరి.

ఒకరోజు అత్త మీటింగు నుంచి మొహం వెలిగిపోతూ వచ్చింది.

“బస్టాండు వస్తాందమ్మే. నేనూ చెయ్యెత్తినా” అంది.

“యాడ కడతారంట అత్తా?”

“యాడనో సర్కారు ఖాళీ జాగా ఉండాదంట. గుమాస్తా సర్వే నంబరు చదివినాడు. యాడప్పా అది అని అడిగినా. ఒగరూ పలకల్యా. అందరూ కాళ్ళకల్లా చూసుకుంటా కూచున్యారు. ఖాళీ జాగానేలేమ్మా, ఎవరిదీ కాదు అన్యాడు గుమాస్తా.”

పత్తి మిల్లు పక్కనున్న బీడు అయ్యుంటుందని ఆమె అనుకుంది. ఆ సాయంత్రం గోడాపక్కన ఆమెకు జరిగిన మర్యాద చూడాలి! చేతులు పట్టుకుని మెచ్చుకున్నారు. ఒక ముసలమ్మ మెటికలు విరిచి దిష్టి కూడా తీసింది. అత్తను అంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

వారం తిరగకుండానే జాలిచెట్లు కొట్టేవాళ్ళు గొడ్డళ్ళతో దిగారు. తెల్లారుజామున చెంబులతో పోయినవాళ్ళం పోయినట్టే వెనక్కి వచ్చాం. గోడ పొడుగునా సున్నంతో గీతలు గీసి ఉన్నాయి. అప్పుడు తెలిసింది, ఆ నంబరు దేనిదో. అది అడిగినప్పుడు కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా కాళ్ళు ఎందుకు చూసుకున్నారో కూడా అప్పుడే తెలిసింది. ఆడమనిషి ముందు ఆ జాగా పేరెత్తడం తప్పని వాళ్ళు నోరు మూసుకున్నారు. దాన్ని పెరికి పారెయ్యడం మాత్రం వాళ్ళకు తప్పనిపించలేదు.

ఊళ్ళో ఆడవాళ్ళు మగవాళ్ళను ఏమీ అనలేదు. అనగలరా? అత్తమీద పడ్డారు.

“మెంబరమ్మా, మా తావు నీ చేత్తోనే ఇచ్చేస్తివి గదా” అంది దిష్టి తీసిన ముసలమ్మే.

అత్త మూడు పూటలు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత మీటింగుకు నన్ను తోడు రమ్మంది. “ఈసారి చెప్తా. బావైతే ఏంది, ఎవరైతే ఏంది” అని దారి పొడుగునా తనకు తనే చెప్పుకుంటూ నడిచింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. మాది కర్ణాటక, సర్కారు కాగితాలన్నీ కన్నడమే. గుమాస్తా ఏవేవో చదివాడు. బస్టాండు మాట రాగానే అత్త లేచింది. నిండా కొంగు కప్పుకుని, గుమాస్తా వైపు తిరిగి మాట్లాడింది.

“ఆ జాగా ఇచ్చేది లేదప్పా. ఆడోళ్ళకు కావల్ల అది.”

“ఎందుకమ్మా?” అన్నాడు గుమాస్తా. ఆయన పెళ్ళాం కూడా రోజూ మాతో వచ్చేదే.

“అవసరముండాది.”

“ఏం అవసరమో చెప్తే గదా రాసుకునేది.”

గది నిండా మగవాళ్ళు. ఎదుట బావ. ఎవరో గొంతు సవరించుకున్నారు. వెనక వరసలో ఒక కుర్ర మెంబరు, “అక్కమ్మలందరూ చేరి భజన మందిరం కట్టుకుంటారేమో” అన్నాడు. ఇద్దరు ముగ్గురు నోటికి కండువాలు అడ్డం పెట్టుకున్నారు. అత్త పెదవులు కదిలాయి. కొంగు కొసను వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టి, చివరికి కూర్చుంది. ఛైర్మన్ ఆమె వైపు చూడకుండానే, “ఆయమ్మకు బస్టాండు మీద అడ్డమేమీ లేదులేప్పా, రాసుకో. సర్వానుమత, అందరూ ఒప్పుకున్నట్టే” అన్నాడు. అంతే, అయిపోయింది.

బస్టాండు బాగానే కట్టారు. రాత్రంతా దీపాలు, టీ కొట్టు, లారీలవాళ్ళు. మేము ఊరు దాటి కాలవగట్టుకు పోవలసి వచ్చింది. అక్కడ మాత్రం ఏముంది? కోస్తా నుంచి వచ్చిన రైతుల మళ్ళు, రాత్రుళ్ళు లాంతర్లతో నీళ్ళు కట్టుకునే మనుషులు, పాములు. అందుకని ఆడవాళ్ళంతా పొద్దు వాలాక నీళ్ళు తాగడం మానుకున్నారు. అత్త అందరికన్నా ఎక్కువ మానుకుంది. మొదట సాయంత్రం నీళ్ళు మానేసింది, తర్వాత మధ్యాహ్నం మజ్జిగ. చివరికి అన్నంలోకి అర గ్లాసు, అంతే. నేను చెంబు తెచ్చిపెడితే, “చెయ్యెత్తిందాన్ని నేనే గదమ్మే” అని పక్కకు జరిపేది. చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. మెంబరుగిరీ ముగిసింది. ఆ జాగా మాట తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఆమె మాత్రం ఆ బస్టాండులో ఏనాడూ కాలు పెట్టలేదు.

కొన్నేళ్ళకు నడుములో నొప్పి మొదలైంది. ఒకరోజు మెలికలు తిరిగిపోతుంటే బళ్ళారి పెద్దాసుపత్రికి బయలుదేరదీశాం. ఆ నొప్పిలో కూడా బస్టాండు దగ్గర బండి దిగనంటే దిగనంది. ఊరి బయట బస్సు ఆపి ఎక్కించాం.

డాక్టరు పరీక్షలు చేసి, రాళ్ళున్నాయి, రెండు మూత్రపిండాలూ దెబ్బతిన్నాయి అన్నాడు. “ఈ ఊరి ఎండల్లో నీళ్ళు తాగకుండా ఇన్నేళ్ళు ఎట్లుంటివమ్మా? ఎందుకు తాగల్యా?” అని గట్టిగానే అడిగాడు. అత్త గోడవైపు తిరిగి పడుకుంది.

నేను ఆగలేదు. “పోయేదానికి జాగా లేదు సార్. మేము దొడ్డికి పోయే తావులో బస్టాండు కట్టినారు” అన్నాను. వార్డు వార్డంతా వినపడింది. డాక్టరు తల దించుకుని చీటీ రాసిచ్చి పక్క మంచానికి పోయాడు.

“మొగోళ్ళ ముందర ఏం మాటలే అవి?” అంది అత్త. గొంతులో బలం లేదు, కోపం మాత్రం ఉంది.

గ్లాసులో నీళ్ళు పోసి చేతికిచ్చాను. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. గ్లాసు నోటిదాకా తీసుకుపోయి ఆగింది.

“ఈడ గోడాపక్క యాడుండాదమ్మే?” అని మెల్లగా అడిగింది.

వార్డు చివరనున్న తలుపు చూపించాను. దాన్ని చాలాసేపు చూసి, అప్పుడు ఒక్క గుటక తాగింది.