అద్దెకిచ్చిన గొంతు

వీధంతా మైకు బాబాయి అని పిలిచే ఆయనకు టీవీలో వార్తలు చూస్తే ఒళ్లు మండిపోతుంది. ఎక్కడో యుద్ధంలో ఇళ్లు కూలి జనం చస్తుంటే, ఇక్కడి నాయకులు ఆ శవాలను చూపించి ఓట్లడుగుతున్నారు. కుర్చీలోంచి లేవకుండానే వాళ్లందరినీ ఉతికి ఆరేస్తాడు. వినడానికి పక్కన అత్తగారు ఒక్కతే. ఆవిడకు చెవుడు.

ఆ సాయంత్రం తెరమీద వాళ్ల ఊరి అభ్యర్థి ఒకడు నవ్వుతూ కనిపించాడు. "ఈ వెధవకి ఓటేస్తే కొంప మునిగినట్టే," అంటుండగానే వీధిలోకి ఆ అభ్యర్థి ప్రచారం ఆటోనే వచ్చింది. "మచ్చలేని మనిషి, మన ఇంటి బిడ్డ, ఈయన్నే గెలిపించండి," అని మైకు ఊదరగొట్టింది. ఆ గొంతు బాబాయిదే. ఎవరు పిలిస్తే వాళ్లకు రికార్డు చేసివ్వడం ఆయన పొట్టకూడు. లేచి కిటికీ మూశాడు. గొంతు ఆగలేదు. దాన్ని మించి అరవబోతే దగ్గు తెర వచ్చింది.

ఆటో దాటిపోయాక అత్తగారు తృప్తిగా తలూపింది.

"రోజూ ఏదో గొణుగుతావు గానీ అల్లుడూ, ఇవాళ ఎంత బాగా వినపడిందో. నువ్వింతగా చెప్పాక ఇంకెవరికేస్తాను, నా ఓటు ఆయనకే."

"ఆయనకొద్దు అత్తయ్యా," అన్నాడు బాబాయి, మిగిలిన గొంతంతా పెట్టి.

ఆవిడకు వినపడలేదు.