వ్యాను అద్దానికి తలంటు

కొత్త రబ్బరు వాసన నాకు ఎప్పుడూ పడదు. మొన్న కుక్కరుకు గాస్కెట్ కొంటుంటే కొట్టతను "నూనె మాత్రం తగలనీయొద్దమ్మా, రబ్బరు పాడైపోతాది" అన్నాడు. ఆ మాట వింటూనే ఆ నల్లటి రింగు చేతిలో పట్టుకొని, చిల్లర తీసుకోవడం కూడా మరిచి, ఉదయగిరిలో మా ఇంటి ముందు వేపచెట్టు నీడన ఆగి ఉండే పాత వ్యాను దగ్గరికి మనసులోనే వెళ్లిపోయాను.

ఆ వ్యాను మా నాయనది. డెబ్బయ్యో దశకం చివర్లో ఎవరో వాడి వదిలేసిన దాన్ని కొని, ఉదయగిరికీ ఆత్మకూరుకూ మధ్య మనుషుల్నీ, వాళ్లతో పాటు మేకపిల్లల్నీ, నిమ్మకాయల బస్తాల్నీ తిప్పేవాడు. దానికి పక్కకు జరిపే అద్దాలు ఉండేవి. చుట్టూ ఉన్న రబ్బరు ఎండి పెళుసెక్కి, వేలు పెడితే పొడిగా రాలేది. ఎంత మూసినా సందుల్లోంచి ఎర్రటి దుమ్ము లేచి వచ్చి తలలో, కంటిరెప్పల మీద, సద్దిమూటలో కూడా చేరేది. మా అమ్మకు ఆయాసం. ఆత్మకూరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే వైద్యం సంగతి దేవుడెరుగు, దారిలో మింగిన దుమ్ముకే మనిషి సగమయ్యేది.

ఒక దసరాకు ముందు నాయన పట్టుబట్టి కూర్చున్నాడు. వింజమూరులో దొరక్కపోతే నెల్లూరు నుంచి రబ్బరు చుట్ట తెప్పించాడు. అద్దాలు ఊడదీసి నులకమంచం మీద పరిచి, అవి జరిగే గాడిలో ఏళ్ల తరబడి గడ్డకట్టిన మట్టిని మేకుతో గోకి, కుంకుడు రసంతో కడిగాడు. ఆ మట్టిలో గుగ్గిళ్ల పొట్టు, ఎవరిదో ముక్కుపుడక శీల కూడా దొరికాయి. కొత్త రబ్బరు అంచును స్క్రూడ్రైవరుతో లోపలికి నెట్టబోతే అది చిరిగింది. మా వీధిలో చెక్క చెంచాలు చెక్కే మామూ అది చూసి, ఒక చెంచా కాడను పలచగా చివ్వి తెచ్చిచ్చాడు. "ఇనుముతో పొడిస్తే తెగిపోతాది భాయ్, దీంతో మెల్లంగా నెట్టు."

అమ్మ గడప మీద కూర్చొని "నా కోసరం ఇంత తిప్పలు దేనికయ్యా" అంటూనే ఆ అద్దాల మీది నుంచి చూపు తిప్పేది కాదు. పండగ వెళ్లాక ఆత్మకూరులో వ్యాను దిగి, లేతరంగు చీర కొంగు దులిపి చూసుకొని, దుమ్ము రాలకపోయేసరికి చిన్నపిల్లలా నవ్వింది. అమ్మ అంత హాయిగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

మా అవ్వ, అంటే నాయన తల్లి, కోడలితో ప్రేమగా మాట్లాడిన మనిషి కాదు. కానీ కొత్తగా ఇంటికొచ్చింది ఏదైనా, అది బిడ్డ కానీ దూడ కానీ, నూనె రాయకపోతే నిలవదని ఆమె గట్టి నమ్మకం. శనివారం నాకు తలంటు పోసి, నాయన స్నానానికి పోయిన సందులో, గిన్నెలో మిగిలిన శనక్కాయల నూనెను వ్యాను రబ్బరుకు వేళ్లతో బాగా పట్టించేది. "మీయమ్మకు దుమ్ము తగలకుండా కాసేది ఇదే గదే, ఎండిపోతే ఎట్టా?" అనేది నాతో. చలికాలమంతా దుమ్ముకు భయపడి ఆ అద్దాలను ఎవరూ తెరవలేదు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అమ్మకు ఆయాసం ముంచుకొచ్చింది. వ్యానులో అవ్వ తన ఒడిలో అమ్మను పడుకోబెట్టుకుంది, నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆత్మకూరు ఇంకా దూరం ఉందనగా, అనుకోకుండా నాలుగు చినుకులు పడి దుమ్ము అణిగింది. అమ్మ కళ్లు తెరిచి "చినుకు పడినట్టుండాదే. ఏమయ్యా, ఆ అద్దం కొంచెం తియ్యి" అంది. నాయన బండి ఆపి వచ్చి లాగాడు. అద్దం కదల్లేదు. రెండు చేతులతో లాగాడు, అరచేతులతో కొట్టాడు. "ఏందిరా, ఇంత బిగించినావు!" అని అవ్వ అరిచింది. చివరికి తలుపు తీసి అమ్మను కూర్చోబెట్టేసరికి చినుకులు ఆగిపోయాయి.

ఆ సాయంత్రం ఆత్మకూరు ఆస్పత్రిలో అమ్మ పోయింది. అద్దం తెరుచుకుని ఉంటే బతికేదని కాదు, ఊపిరితిత్తులు ఎప్పుడో చెడిపోయాయని డాక్టరు చెప్పాడు. కానీ నోరు తెరిచి ఏదీ అడగని మనిషి ఆఖరున అడిగింది అంత చిన్న కోరిక. అది తీరలేదే అన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

దినాలు అయ్యాక నాయన ఆ రబ్బరు ఊడదీశాడు. అది లావెక్కి, జిగటగా చేతికి అంటుకుంది. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు. అరుగు మీద కూర్చున్న అవ్వ వైపు చాలాసేపు చూశాడు. "ఏమైందిరా దానికి?" అని అడిగింది అవ్వ. "కొలత తప్పి లావు రబ్బరు వేసినానమ్మా" అన్నాడు నాయన. పెరట్లో గుంత తీసి దాన్ని పూడ్చిపెట్టాడు. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

అవ్వ పోయేదాకా ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరి ముందూ కొడుకును సాధించింది. "కొలత తెలీని చేతులు, నా కోడలికి గుక్కెడు గాలి లేకుండా చేసినాయి" అని ఏడ్చేది. నాయన తల దించుకొని అన్నం తినేవాడు.

ఇప్పుడు ఆ దారంతా తారు రోడ్డు. అద్దాలు మీట నొక్కితే దిగుతున్నాయి. వ్యాను పాత ఇనుముకు పోయింది, మామూ లేడు, నాయనా లేడు. చెంచా కాడ మాత్రం నా వంటింట్లో ఉంది. గాస్కెట్ బిగుతుగా ఉంటే కుళాయి కింద తడిపి, ఆ కాడతోనే మెల్లగా నెట్టి ఎక్కించాను. నాయన ఉంటే ఒక్కటి అడిగేదాన్ని. అవ్వ అన్నేళ్లు అన్నన్ని మాటలంటుంటే, నూనె అన్న మాట ఒక్కసారైనా నోటిదాకా రాలేదా నాయనా?