పేరు పలకకూడని మనిషి కోసం పాతపట్నం దాటి

పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వైపు వెళ్లాలనుకుంటున్నామని ఈమధ్య కొందరు నన్ను దారి అడిగారు. దారి రాద్దామని కూర్చుంటే మా అత్తగారు గుర్తొచ్చారు. 1960ల చివరి మాట ఇది. ఇప్పుడు పెద్ద రైలు తిరిగే ఆ లైను మీద అప్పట్లో బొగ్గు పొగ కక్కే బుల్లి రైలు నడిచేది. నేను కృష్ణా జిల్లా నుంచి కళింగపట్నం దగ్గరి పల్లెకు కొత్తగా కాపురానికి వచ్చాను. మా ఆడపడుచు పెళ్లి కుదిరింది. అత్తగారు బంధువులందరినీ పిలిచేశారు, ఇక మిగిలింది ఆవిడ నేస్తం ఒక్కతే.

ఆ నేస్తం ఒరియా ఆవిడ. శ్రీముఖలింగం జాతరలో పక్కపక్క పొయ్యిల మీద వండుకుంటూ ఇద్దరూ కలిశారట. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా దేవుడి ఎదుట గాజులు మార్చుకుని నేస్తం కట్టుకున్నారు. అక్కడివాళ్లకు అది చుట్టరికం కన్నా గట్టిది. ఇంట్లో శుభకార్యమైతే నేస్తం గడపదాకా స్వయంగా వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. పిలవకపోతే తెగిపోయినట్టే. నేస్తం ఊరికి అత్తగారు ఒకే ఒక్కసారి, ఎప్పుడో జాతర నుంచి ఆవిడ బండిలోనే వెళ్లారు. మామగారికి పెళ్లి పనులతో ఊపిరాడటం లేదు. తోడుగా నన్ను పంపారు.

తెల్లవారకముందే బస్సెక్కాం. నరసన్నపేటలో మారి టెక్కలి చేరేసరికి ఎండెక్కింది. అక్కడ చిన్న రైలు. అది ఎంత నెమ్మదంటే, మలుపుల్లో కుర్రాళ్లు దిగి చింతకాయలు కోసుకుని మళ్లీ ఎక్కేవారు. అత్తగారి ఒళ్లో ఎండు నెత్తళ్ల చేపల మూట ఉంది. ఎదుటివాళ్లు కిటికీవైపు జరిగారు. నేనూ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

"ఏటే అమ్మీ, ముక్కు మూసుకుంతన్నావు? నా నేస్తానికి ఇవంటే పేణం. ఆ కొండల్లో ఈటిని సూసేదెవులు?" అన్నారు అత్తగారు.

పాతపట్నంలో గారెలు తిని, టీ తాగి జట్కా మాట్లాడుకున్నాం. రానూపోనూ రెండు రూపాయలు. జట్కా అతనికి రెండు భాషలూ వచ్చు. సాయంత్రం రైలు తప్పితే మర్నాటిదాకా మరోటి లేదని ముందే హెచ్చరించాడు. నది దాటి, పర్లాకిమిడి దాటి, మట్టిరోడ్డు మీద ఆ ఊరు చేరాం. వీధికి రెండు పక్కలా ఒకేలాంటి ఇళ్లు, ఒకేలాంటి అరుగులు. అత్తగారికి ఏ ఇల్లో గుర్తు రాలేదు.

ఆడవాళ్లు చుట్టూ మూగారు. "నా కొణొ?" అని అడిగారు. పేరేమిటి అని. అత్తగారు పెదవి బిగించారు. నేస్తం పేరు నోటితో పలకకూడదట. పోనీ ఆవిడ భర్త పేరు? భర్త పేరు ఆవిడ ఏనాడూ ఉచ్చరించలేదు, ఈవిడ అడగనూ లేదు. నాకు ఒళ్లు మండింది.

"అత్తయ్యా, నా చెవిలో చెప్పండి. నేను అడుగుతాను."

"నీ సెవిలో సెప్పినా నా నోటితో సెప్పినట్టే గదే!"

"ఇదేటి సోద్దెమమ్మా! పేరు సెప్పకపోతే మనిసిని ఎలాగెతికీది?" అని జట్కా అతను విసుక్కున్నాడు. అత్తగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్ల పెళ్లికి నేస్తం లేకుండా పోతుందేమోనన్న భయం ఆ ముఖంలో చూశాక, నా కోపం ఎటు పోయిందో తెలియదు.

"నా నేస్తం బాబూ. ఎలా పలికీది?" అన్నారు.

అతను ఒక్కసారిగా మెత్తబడ్డాడు. "ఆ ముక్క ముందు సెప్పొద్దేటమ్మా!" అని ఆడవాళ్లవైపు తిరిగి 'సంగాత' అన్నాడు. నేస్తానికి వాళ్ల మాట అది. అంతే, పేరు అడగడం మానేశారు. ఒకావిడ మంచం వాల్చింది, ఇంకొకావిడ చెంబుతో నీళ్లు తెచ్చింది. తెలుగు సంగాత ఎవరికి ఉందని ఇల్లిల్లూ కబురు వెళ్లింది.

ఆ ఊళ్లో తెలుగు సంగాతలు ఉన్నది ఒకరిద్దరికి కాదు! ఒకావిడ పరుగున వచ్చి, అత్తగారి ముఖం చూసి ఆగిపోయింది. తనవాళ్లు కాదని తెలిశాక కూడా అత్తగారి చెయ్యి కాసేపు పట్టుకునే నిలబడింది. ఆవిడ వెనకే కళ్లం నుంచి, జుట్టునిండా గడ్డిపరకలతో మా నేస్తం వచ్చింది.

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. తర్వాత ఆవిడ ఒరియాలో, ఈవిడ తెలుగులో, ఆగకుండా, ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. నెత్తళ్ల మూట విప్పి పకపకా నవ్వుకున్నారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నాకలాంటి స్నేహితురాలు లేదు. నిజంగా అసూయపడ్డాను. బొట్టు పెట్టి పిలిస్తే ఆవిడ ఏదో గట్టిగా గదమాయించింది.

"నా కూతురి పెళ్లికి నాను రానేటి అంతన్నాదమ్మా," అన్నాడు జట్కా అతను.

రైలు తప్పింది. ఆ రాత్రి అక్కడే ఉన్నాం. పెళ్లికి ఆవిడ ముందుగానే దిగి, కొట్టిన పసుపంతా తనే జల్లించింది.

చాలా ఏళ్లకు అత్తగారు పోయారు. ఆ సంగతి చెప్పడానికి నేనే బయల్దేరాను. ఉత్తరం రాస్తే పోలేదా అన్నారు ఇంట్లోవాళ్లు. ఏ పేరున రాయను? ఊళ్లోకి వెళ్లేసరికి ఆవిడ అరుగు మీదే కూర్చుని ఉంది. నేనొక్కదాన్నే దిగాను. ఆవిడ నా వెనక ఖాళీ బండిని చూసింది, నన్ను చూసింది, లేచి చేతి గాజులు తీసి నా చేతులకు తొడిగింది. ఆనాటి నుంచి ఆవిడ నాకూ నేస్తమే, అందుకే ఇప్పుడు తెలిసినా ఆ పేరు ఇక్కడ రాయలేదు.

వెళ్లేవాళ్లకు ఒక సలహా: తిరుగు రైలును నమ్ముకోకండి, ఒక రాత్రికి సరిపడా బట్టలు పెట్టుకోండి. ఎవరో ఒకరు ఉండిపొమ్మంటారు.