సిస్టరమ్మ తడిగుడ్డ

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకే. జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో, క్వాలిటీ విభాగంలో నా పని. కాగితం మీద లేనిది జరగనట్టేనని కొత్తగా చేరినవాళ్లకు నేర్పే మనిషిని. పైగా నన్ను పెంచింది మా అవ్వ. మార్చురీ గోడకు ఆనుకుని కూర్చుని సద్దిడబ్బా విప్పుకున్న మనిషి ఆమె. మా ఇంట్లో దయ్యాలకు జాగా ఉండేది కాదు.

అందుకే ఇది రాయడానికి నాకు ఏడాది పట్టింది.

అవ్వ పేరు ఎస్తేరమ్మ. మా నాయినకు తల్లి. అచ్చంపేట సర్కారు దవాఖానలో నర్సుగా చేరి, అక్కడే రిటైరైంది. ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు, సిస్టరమ్మ అనేవాళ్లు. నాకు మూడేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్పటినుంచి అవ్వ తెల్లచీర కట్టుకుని డ్యూటీకి పోతూ నన్నూ వెంట తీసుకుపోయేది. వార్డు చివర బల్ల మీద కూర్చుని పలక దిద్దుకుంటూ పెరిగాను.

ఆదివారం చర్చికి పోయేముందు నా గోళ్లు తనే తీసేది, వేలికి అంటుకునేంత దగ్గరికి. "నొస్తాంది అవ్వా" అంటే, "గోళ్లల్ల మట్టి ఉంటె పేషెంటుకు చీము వడ్తది" అనేది. నేను ఏ పేషెంటునూ ముట్టుకోనని ఎంత మొత్తుకున్నా వినేది కాదు. రిటైరయ్యాక కూడా అడవి పక్క గూడేల నుంచి జనం కుట్లు విప్పించుకోవడానికి మా ఇంటికే వచ్చేవాళ్లు. వాళ్ల గోళ్లూ చూసేది.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఆపరేషన్ అయినవాళ్లకు కొన్ని గంటలు నీళ్లు ఇవ్వకూడదు. వాళ్లేమో దాహమని ఏడుస్తారు. అవ్వ పుండ్లకు కట్టుకట్టే గాజుగుడ్డ ముక్కను చిటికెన వేలికి చుట్టి, పోగులు నోట్లో ఊడకుండా కొసను లోపలికి దోపి, నీళ్లలో ముంచి పిండేది. గదుమ పట్టుకుని ముందు కింది పెదవికి, తర్వాత పై పెదవికి అద్దేది. మాట్లాడలేనివాళ్లకు ఒక సైగ నేర్పేది. రెండు వేళ్లు పెదవుల మీద రుద్దితే తడి కావాలని అర్థం.

ఒకసారి లారీ గుద్దిన మనిషిని తెచ్చారు. బతకడని అందరికీ తెలుసు. డ్యూటీ అయిపోయినా అవ్వ ఇంటికి రాకుండా, అతను పోయేదాకా పెదవులు తడుపుతూ నిలబడింది. "ఎండిన నోటితోటి ఎవ్వరు పోవద్దు బిడ్డా" అని నాకు ఆ రోజే చెప్పింది.

నాలుగేళ్ల కింద అవ్వకు పక్షవాతం వచ్చింది. మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానలో చేర్చాం. మాట పోయింది, మింగడమూ పోయింది. చుక్క నీళ్లు పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతాయని డాక్టర్ గట్టిగా చెప్పాడు. తడిగుడ్డతో పెదవులు తడపవచ్చని సిస్టర్ చెప్పింది. ఆ పని నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. రెండు రోజులు నేనే చేశాను.

మూడో రోజు మా కంపెనీలో ఆడిట్. పొద్దున్నుంచీ ఫోన్ ఊపిరి తీసుకోనివ్వలేదు. పన్నెండు దాటాక అవ్వ కుడిచెయ్యి లేపి, రెండు వేళ్లు పెదవులకు రుద్దింది. ఒక్క నిమిషం ఆగమన్నాను. మళ్లీ రుద్దింది. మూడోసారి మంచం చువ్వను తట్టి మరీ రుద్దింది. నాకు ఒళ్లు మండింది. ఫోన్ నుంచి తల ఎత్తకుండానే, "డాక్టర్ ఒద్దన్నడు గదా అవ్వా, ఊకె సతాయించకు" అన్నాను.

డాక్టర్ వద్దన్నది నీళ్లనే, తడిని కాదు. ఆ సంగతి నాకంటే అవ్వకే బాగా తెలుసు. చెయ్యి దించేసింది. నా వైపే చూస్తూ పడుకుంది. మళ్లీ అడగలేదు. గంట తర్వాత మెయిల్ పంపించి తల ఎత్తాను. చూపు అట్లాగే నా మీద ఉంది, ప్రాణం లేదు.

అప్పుడు గదిలో మేమిద్దరమే ఉన్నాం. నా మాట మూడో మనిషి వినలేదు.

స్నానం చేయించేటప్పుడు మా మేనత్త అవ్వ ముఖం తుడుస్తూ ఆగిపోయింది.

"పెదవులు పలిగి నెత్తురు గట్టినయి గదనే. నువ్వు పక్కన్నే ఉంటివి గద?"

"డాక్టర్ నీళ్లు ఒద్దన్నడు అత్తమ్మా" అన్నాను. ఆమె నమ్మింది. సిస్టరమ్మ చేతిలో పెరిగిన పిల్లను ఎవరైనా నమ్ముతారు. సమాధుల తోటలో పాస్టరు గారు నేను చేసిన సేవను పదిమందికీ చెబుతుంటే తల వంచుకుని విన్నాను. జరిగింది ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

పోయిన ఏడు నాకు పిత్తాశయంలో రాళ్లని ఆపరేషన్ చేశారు. ఇది వేరే దవాఖాన. మధ్యాహ్నానికి ఆడవాళ్ల వార్డులోకి మార్చి, సాయంత్రం దాకా నీళ్లు వద్దన్నారు. నాలుక అట్టముక్కలా అంగిలికి అతుక్కుపోయింది. మత్తు పూర్తిగా దిగలేదు, ఆ సంగతి దాచను. గోడ గడియారంలో మూడు దాటిందన్నదీ, కిటికీ ఎండ నా కాళ్ల మీద పడుతోందన్నదీ కూడా గుర్తున్నాయి.

తెల్లచీర మనిషి ఎవరో మంచాల మధ్య తిరుగుతోంది. వార్డు సిస్టర్ అనుకున్నాను. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. రెండు వేళ్లు పెదవులకు రుద్దాను. ఆమె నా కాళ్ల దగ్గర ఆగింది. ముఖం చూసేంతగా తల ఎత్తలేకపోయాను. మళ్లీ రుద్దాను. మంచం చువ్వను తట్టి ఇంకోసారి రుద్దాను. ఆమె వెళ్లిపోయింది.

నా పక్క మంచంలో బాలమణి అనే ఆమె ఉంది. ఆత్మకూర్ దగ్గరి పల్లె. గర్భసంచి ఆపరేషన్ అయింది. అంతకుముందు ఆమెను నేను ఎరగను. సాయంత్రం నాకు కొంచెం తెలివి వచ్చాక, "గా ముసలి సిస్టర్ మళ్ల రాలేదా అక్కా?" అని అడిగింది.

"ఏ సిస్టర్?"

"గదే, తెల్లచీర. గదుమ వట్టి నా పెదవులు తడిపింది. పానం లేసొచ్చింది."

ఆమె బల్ల మీద గాజుగుడ్డ ముక్క ఉంది. చిటికెన వేలంత చుట్టి, కొస లోపలికి దోపి ఉంది. ముట్టుకుంటే ఇంకా తడిగానే ఉంది.

డ్యూటీ సిస్టర్‌ను అడిగాను. ఆమె, మిగతావాళ్లూ నీలం డ్రెస్సుల్లో ఉన్నారు. "మేము దూది వాడతం మేడం. గీ వార్డుల ముసలి సిస్టర్ ఎవ్వరు లేరు. ఎవరి తరఫు మనిషో అయి ఉంటది" అని ఆ గుడ్డ తీసి చెత్తబుట్టలో వేసింది. అయి ఉండొచ్చు. గుడ్డ అట్లా చుట్టడం ఇంకెంతమంది నర్సులకు తెలుసో! అక్కడివరకు నాకు నేను సర్దిచెప్పుకోగలను.

బాలమణి కాసేపు నసిగింది. "నువ్వు వేళ్లు రుద్దుడు నేను జూసిన అక్కా. గామెకు గూడ జర అద్దు అవ్వా అన్న."

"ఏమంది?"

"నిన్ను శానా సేపు జూసింది. 'డాక్టర్ ఒద్దన్నడు, ఊకె సతాయించకని జెప్పు గామెకు' అనుకుంట పోయింది. ముసల్దానికి మస్తు పొగరున్నట్టుంది. నువ్వేం మనసుల వెట్టుకోకు."

మత్తులో ఆ మాట నేనే గొణిగానేమో, ఆమె విన్నదేమో అని చాలాసార్లు ఆలోచించాను. నేను గొణగలేదని ఆమె ఒట్టు పెట్టి చెప్పింది. ఏడాదైంది, నా ఆలోచన ఇంకా అక్కడే ఆగి ఉంది. వచ్చింది అవ్వ కాకపోతే, ఆ మాట ఆమెకు ఎట్లా తెలిసిందో నాకు అర్థం కాదు. అవ్వే అయితే, తన సర్వీసు మొత్తంలో ఆమె ఏ పేషెంటునూ ఎండిన నోటితో వదిలి పోలేదు. నన్నొక్కదాన్నే వదిలి పోయింది.