నెమ్మదిగా చేసిన రిపేరు

బుడాపెస్ట్ నుంచి ఆస్ట్రియా సరిహద్దుకు పోయే ఎమ్ వన్ హైవే మీద కాల్మాన్ ముప్ఫై ఏళ్లు పసుపు కారులో తిరిగాడు. దారిలో ఆగిపోయిన బళ్లు బాగుచెయ్యడం ఆయన పని. ఇప్పుడు రిటైరై తాతాబాన్య ఊళ్లో ఇంటిపట్టునే ఉంటున్నాడు. వేల బళ్లు బాగుచేశాడు గానీ, కదిలిస్తే మాత్రం ఒక లేతనీలం ట్రబాంట్, అంటే తూర్పు జర్మనీలో తయారైన చిన్న కారు, గురించే చెబుతాడు.

అది 1989 సెప్టెంబరు. హంగరీ వాళ్లు ఆస్ట్రియా వైపు సరిహద్దు తెరిచారని వినగానే, సెలవులకని హంగరీకొచ్చిన తూర్పు జర్మనీ వాళ్లంతా పడమటి దారి పట్టారు. పొద్దున్నే బిచ్‌కె ఊరు దాటాక ఆ ట్రబాంట్ రోడ్డు పక్కన కనిపించింది. ఫ్యాన్ బెల్టు తెగింది. లోపల కొత్తగా పెళ్లైన జంట.

"ఎంతసేపండీ? మళ్లీ మూసేస్తారేమో!" భర్త ఉవే కాలు నిలవడం లేదు.

"పది నిమిషాలయ్యా. కంగారుపడకు."

అతను సిగరెట్ వెలిగించుకుని అవతలికి వెళ్లగానే లేతనీలం స్వెట్టరు వేసుకున్న భార్య గుడ్రున్ కాల్మాన్ దగ్గరికొచ్చింది.

"కాస్త నెమ్మదిగా చెయ్యరా?" అంది గొంతు తగ్గించి. "పది రోజుల్లో వస్తానని చెల్లికి చెప్పొచ్చాను. సరిహద్దు దాటితే మళ్లీ మా దేశంలోకి రానివ్వరు. ఈ బండి కదిలితే ఇక చెల్లిని చూస్తానో లేదో."

కాల్మాన్‌కి జర్మన్ అంతంతమాత్రమే. అయినా అర్థమైంది. విప్పక్కర్లేని బోల్టులు విప్పాడు. బాగానే ఉన్న ప్లగ్గులు తుడిచాడు. తన మధ్యాహ్నపు రొట్టె, ఉల్లిపాయ వాళ్లకి పెట్టాడు. గంట గడిచింది. ఉవే మొదట చిరాకుపడ్డాడు. తర్వాత గడ్డిలో భార్య పక్కన కూలబడి, "వద్దనుకుంటే చెప్పు, వెనక్కి పోదాం," అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది.

"అయిందాండీ?"

"ఎప్పుడో అయిందమ్మా."

వాళ్లు వెళ్లిపోయారు.

నవంబరులో బెర్లిన్ గోడ తెరుచుకున్న వార్త టీవీలో చూసి కాల్మాన్ కుర్చీలోంచి లేచిపోయాడు. "పిరోష్కా! ఆ పిల్ల ఇప్పుడు చెల్లెల్ని చూడొచ్చే!"

"రెండు నెలలు ఓపిక పట్టుంటే ఆ ఏడుపే ఉండేది కాదు కదయ్యా," అంది ఆయన భార్య.

"అందరూ ఓపిక పట్టుంటే గోడ ఎవరు తెరిచేవాళ్లే?"

టీవీలో గోడెక్కి కేకలేస్తున్న జనంలో లేతనీలం స్వెట్టరు వేసుకున్న ఆడపిల్ల ఎవరైనా కనిపిస్తే చాలు, ఆయన ముందుకి వంగి చూస్తున్నాడు.