కెమెరా దిక్కు చూసి ఉరికిన పందెం

మొన్న మా మనుమరాలి బడిలో చిన్నపిల్లలకు ఆటల శిబిరం పెట్టారు. ఒకే రకం టీషర్టులు వేసుకున్న కుర్రవాళ్ళు కార్లలో దిగి, గోడకు పెద్ద ఫ్లెక్సీ కట్టి, పిల్లల చేత గెంతులు వేయించి, పరుగు పందెం పెట్టి, మీలోనే రేపటి ఛాంపియన్లున్నారని చప్పట్లు కొట్టించి, సాయంత్రానికల్లా వెళ్ళిపోయారట. కోడలు ఆ వీడియో ఫోనులో పెట్టి నా ముందుంచితే, మనుమరాలు నా భుజం మీద వాలి, "బాపమ్మా, ముందుగాల నేనే గెలిచిన. వీడియో మంచిగ రాలేదని మళ్ళ ఉరికిచ్చిండ్రు" అన్నది. అంతే, నా ఐదో తరగతి నాటి పందెం కళ్ళ ముందు తిరిగింది.

మెట్‌పల్లి, కోరుట్ల వైపు పుట్టిన నా ఈడు ఆడవాళ్ళకు బీడీల చాట సంగతి నేను వేరే చెప్పాలా! ఐదో తరగతి దాటితే చాలు, ఆడపిల్ల ఒళ్ళో చాట పెట్టి, తునికాకు, తంబాకు, దారం ఇచ్చి కూర్చోబెట్టేవారు. కూర్చున్న పిల్ల మళ్ళీ లేచేది పెళ్ళికే. నన్ను కన్న అవ్వ పొద్దంతా బీడీలు చుట్టి రాత్రంతా దగ్గేది. బాపు సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపి, వీలు చిక్కినప్పుడు ఇంటికి వచ్చేవాడు. నేనా, నడక చేతకాని దాన్ని. నీళ్ళకు పంపినా ఉరుకుడే, దుకాణానికి పంపినా ఉరుకుడే. "గిది పిల్లనా, లేడిపిల్లనా? కాళ్ళిరుగుతయే!" అని అవ్వ తిట్టేది గానీ, ఆ తిట్టులో ఇంత మురిపెం కూడా ఉండేది.

నేను ఐదులో ఉన్నప్పుడు మా బడిలోనూ వారం రోజులు ఆటల శిబిరం పెట్టారు. మా డ్రిల్లు సారు ఎండలో మాతో పాటు ఉరుకుతూ, మడమ ఆన్చకుండా పాదం ఎలా వేయాలో, చేతులు ఎలా ఊపాలో ఓపిగ్గా నేర్పాడు. చివరి రోజు పందెంలో మొదటొచ్చిన పిల్లను కరీంనగర్ హాస్టల్‌కు తీసుకుపోతారని, చదువు, తిండి, ఆట అన్నీ అక్కడేనని, రోజూ గుడ్డు పెడతారని చెప్పారు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పడితే ఒట్టు. "గెలిస్తె పంపుదమే, చాట ఏడికి పోతది" అన్నాడు బాపు. అవ్వ పందెం నాటి పొద్దున ఉరకడానికి అడ్డం రాకుండా నా లంగా తానే పైకి దోపి కట్టింది.

గెలిచాను. వెనక ఎవరూ దరిదాపుల్లో లేరు. డ్రిల్లు సారు నన్నెత్తి గిరగిరా తిప్పాడు. అంతలో ఫోటో అతను వచ్చి, రీలు ఎక్కలేదు, మళ్ళీ ఉరకమన్నాడు. కరీంనగర్ నుంచి వచ్చిన పెద్దసారు అప్పటిదాకా హెడ్మాస్టరు గదిలో చాయ తాగుతూ ఉండి, అప్పుడే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గెలవడం అయిపోయింది గదా, ఇది ఉత్త ఫోటో కోసమే గదా అనుకున్నాను నేను. పైగా ఫోటో అతను నన్నే పిలిచి, "ఓ పొల్లా, గిటు కెమెరా దిక్కు చూసి నవ్వుకుంట ఉరుకు" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నాకు ఎవరూ ఫోటో తీసింది లేదు. చెప్పినట్టే మెడ తిప్పి, నవ్వుతూ ఉరికాను. మూడోదాన్ని వచ్చాను. పెద్దసారు మొదటొచ్చిన పిల్ల పేరు రాసుకున్నాడు. డ్రిల్లు సారు వెంటబడి, "సార్, ముందుగాల గెలిచింది గీ పొల్లనే, అందరు చూసిండ్రు" అని బతిమాలినా, నేను చూసిందే లెక్క అంటూ ఆయన జీపెక్కాడు. నోటికాడి బుక్క గుంజుకున్నారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ పనికి నాకు మర్యాదైన మాట దొరకదు.

ఆ ఎండాకాలమే నా ఒళ్ళోకి చాట వచ్చింది. ఫోటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది! నా కొడుకును ఆ బడిలోనే వేయడానికి పోయినప్పుడు ఆఫీసు గది గోడ మీద చూశాను. పిల్లలందరూ పళ్ళు బిగబట్టి ముందుకు చూస్తుంటే, నేనొక్కదాన్నే పక్కకు చూసి నవ్వుతున్నాను. ఎంత కోపం వచ్చిందంటే, ఆ నవ్వే పిల్ల చెంప పగలగొట్టాలనిపించింది.

మొన్నటి వీడియోలో మనుమరాలూ అచ్చం అట్లాగే మెడ తిప్పి నవ్వుతూ ఉరికింది. వీడియోలో పిల్ల ఎంత మంచిగ పడ్డదోనని కోడలు మురిసిపోయింది. కాలం మారింది, కాదనను. దాని ఒళ్ళో ఎవరూ చాట పెట్టరు, అందుకు వేములవాడ రాజన్నకు వెయ్యి దండాలు. కానీ మా మాయదారి పందెం చివర కనీసం ఒక జీపు, ఒక హాస్టల్, ఎవరో ఒక్క పిల్లకైనా ఒక దారి ఉండేది. ఇప్పుడు బడిలో డ్రిల్లు సారు లేడు, నేర్చుకోవడానికి వారం లేదు. వీడియో తీసుకుని పోయినవాళ్ళు మళ్ళీ వస్తారో రారో అడిగే నాథుడూ లేడు.

పిల్లకు ఇవన్నీ ఏం తెలుసు? ఛాంపియన్ అన్నారు గదా, ఆ రోజు నుంచి తెల్లారితే చాలు గల్లీలో ఉరుకుతోంది. నిన్న గడపలో కూర్చుని చూస్తూ ఉండబట్టలేక, "పక్కకు చూడకు బిడ్డా, ముంగటికి చూసి ఉరుకు!" అని అరిచాను. అది ఆగి, రొప్పుతూ నా దిక్కు తిరిగింది.

"ఏడిదాంక బాపమ్మా?"