పైకప్పు వెతుక్కుంటూ పోయిన కృష్ణయ్య

పెద్దమందడి కృష్ణయ్యకు అక్షరం ముక్క రాదు. అటువంటి మనిషి అరవయ్యో ఏట, ముసురు పట్టిన శ్రావణంలో, హైదరాబాదులోని పాత లైబ్రరీలు చూసొస్తానని పెళ్లాన్ని వెంటేసుకుని బస్సెక్కాడంటే ఊళ్లో ఎవరు నమ్ముతారు? నమ్మరని అతనికీ తెలుసు. అందుకే దవాఖానకు పోతున్నామని చెప్పి బయల్దేరాడు. నిజానికి రోగం ఉన్న మాట అబద్ధం కాదు. నెల రోజులుగా ముద్ద దిగడం లేదు, పగలు కునుకు తీసినా ఉలిక్కిపడి లేస్తున్నాడు. దాని పేరు భయం, అంతే.

కృష్ణయ్యా, బాలమ్మా పాలమూరు లేబరు. లేబరంటే ఒక్కరు కాదు, జోడి. మొగుడూ పెళ్లాం కలిసి వస్తేనే గుంపు మేస్త్రీ లారీ ఎక్కించుకునేవాడు. మొగుడు తాపీ పట్టాలి, పెళ్లాం తట్ట మోయాలి. తెల్లారి లారీ ఎక్కడ దించితే అదే ఊరు. అక్కడే పని, అక్కడే మూడు రాళ్ల పొయ్యి, పనైపోతే మళ్లీ లారీ. అలా పాతికేళ్లు పట్నంలో చెమటోడ్చారు. ఏ బిల్డింగు పేరూ వాళ్లకు తెలియదు. "మామిడిచెట్టు సైటు", "నీళ్లు రాని సైటు", "మేస్త్రీకి తేలు కుట్టిన సైటు", ఇవే వాళ్ల గుర్తులు.

మరి ఈ భయం ఎక్కడ పట్టుకుంది? గద్వాల దగ్గర ఒక పాత రాతి ఇంటిని బాగుచేస్తుంటే నెల కిందట కృష్ణయ్య పనికి పోయాడు. కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపిన డంగుసున్నం పని. అది చిన్నప్పుడు వాళ్ల నాయిన దగ్గర నేర్చిన విద్య కాబట్టి పిలిచి మరీ పెట్టుకున్నారు. అక్కడ నవనీత అనే చిన్న వయసు ఇంజనీరు ఉండేది. ఒకనాడు పైకప్పు నుంచి ఊడిపడిన పెద్ద పెచ్చును కాలితో పక్కకు నెట్టి, కూలీలందరికీ చూపించింది.

"చూసిండ్రా? పాత సున్నం మీద ఎవరో సిమెంటు కొట్టిండ్రు. సిమెంటు తడిని బయటికి పోనియ్యదు. పైకి గట్టిగ కనిపిస్తది, లోపట మాత్రం ఇడిసిపెడుతుంటది. ఒక్కపారి ఊడిందంటే మొత్తం పలకలెక్క కిందికొస్తది. కింద మనిషి ఉంటే ఇంగ చెప్పేదేముంది!"

కృష్ణయ్య చేతిలో తాపీ ఆగిపోయింది. "ఎన్నేండ్లు ఆగుతది మేడం?" అని అడిగాడు.

"కొన్ని పదేండ్లు, కొన్ని ఇరవయి. వానలు పట్టినంక పడేయే ఎక్కువ. చెప్పి పడవు కదా."

అంతే, కృష్ణయ్య పై ప్రాణాలు పైనే పోయాయి. ఎందుకంటే అదే పని అతనూ చేశాడు. ఇరవై రెండేళ్ల కిందట, పట్నంలో ఒక పాత లైబ్రరీలో. చదువుకునే హాలు నడిమధ్య, నులకమంచమంత జాగాలో పైకప్పు గార రాలిపోయింది. సున్నం గుంతలో నానుతోంది. ఇంకా పది రోజులు నానాలి, ఆ తరువాత గానుగలో వేసి డంగు పట్టాలి. ఈలోగా ఎవరో పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించే ముహూర్తం ముంచుకొచ్చింది. "ఎల్లుండికి అయిపోవాలె, ఎట్ల చేస్తవో నాకు తెల్వదు" అన్నాడు గుంపు మేస్త్రీ. కృష్ణయ్య సిమెంటు కలిపాడు. నాలుగు వేళ్ల మందాన దట్టించి, నున్నగా దిద్ది, పైన సున్నం పూశాడు. వచ్చి చూసిన ఇంజనీరు కూడా అతుకు కనిపెట్టలేకపోయాడు. అది తప్పని ఆ రోజే అతనికి తెలుసు. తెలిసి కూడా, అతుకు కనబడనందుకు లోలోపల మురిసిపోయాడు. ఇప్పుడా మురిపెమే గుండెల్లో రాయిలా కూర్చుంది.

బాలమ్మతో చెబితే ఆమె చేటను నేలకేసి కొట్టింది. "నీకేమన్న మతి పోయిందా వసంత నాయినా? ఎవలన్న అడిగిండ్రా? పోయి నేనే చేసిన అంటే పూలదండ ఏస్తరనుకున్నవా? జైల్ల ఏస్తరు! నోరు మూస్కొని ఊకో."

"కింద పిలగాండ్లు కూసోని సదువుతుంటరే."

బాలమ్మ చేట తీసి మళ్లీ చెరగబోయింది, చెరగలేకపోయింది. మూడో రోజు ముసురు మొదలైంది. నాలుగో రోజు ఆమే చీర మార్చుకుని, "నువ్వొక్కనివి పోతే ఆ జాగ నీకు దొరకది" అంది.

ఆ మాట నిజం. కృష్ణయ్యకు పైకప్పులు గుర్తుంటాయి, బాలమ్మకు నేల గుర్తుంటుంది. ఆ లైబ్రరీలో పనిచేసినప్పుడు కూతురు వసంత ఆరు నెలల పిల్ల. వరండాలో రెండు నల్లరాతి స్తంభాల మధ్య చీర కట్టి ఉయ్యాల వేసింది బాలమ్మ. ఒక స్తంభానికి నడుమెత్తులో చిన్న రాతి చిలుక చెక్కి ఉండేది. దాని ముక్కుకే ముడి వేసింది.

మొదట అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డునున్న పెద్ద లైబ్రరీకి పోయారు. అంత పెద్ద రాతి భవనం ముందు నిలబడితే ఎవరికైనా నోరు తెరుచుకుంటుంది. బాలమ్మ అయితే గడప బయటే చెప్పులు విడిచి దండం పెట్టుకుంది. లోపల ఎత్తయిన కిటికీలు, వాటిలోంచి పడే వాన వెలుతురు, ఆ వెలుతురులో పేజీ తిప్పుతున్న ముసలాయన. ఎంత చక్కటి చోటు! కానీ కృష్ణయ్యకు అదేదీ కనబడితేగా. మెడ విరిగేలా పైకే చూస్తూ, బల్లలకు గుద్దుకుంటూ నడిచాడు. వాచ్‌మన్ వెంటపడ్డాడు.

"ఏంది పెద్దాయనా, పావురాలు పట్టనీకి వచ్చినవా?"

"లే సారు, ఊకె సూస్తున్న."

ఇది కాదని బాలమ్మ తల అడ్డంగా ఊపింది. సుల్తాన్‌బజార్ వైపు ఇంకొకటుంటే అక్కడికి పోయారు. అదీ కాదు. కాదన్నప్పుడల్లా కృష్ణయ్యకు ఊపిరి తేలికయ్యేది, మరు నిమిషమే భయం రెట్టింపై తిరిగొచ్చేది. ఇక్కడ లేదంటే ఇంకెక్కడో ఉందనే కదా! ఈ క్షణాన ఎవరో కుర్రవాడు దాని కింద తల వంచి చదువుకుంటూ ఉంటాడు. బయట వాన తెరిపివ్వడం లేదు. అడిగిన చోటల్లా ఒకరు ఒక దారి చెప్పారు, ఇంకొకరు ఇంకో దారి.

రెండో రోజు మధ్యాహ్నం ఒక ఆటో అబ్బాయి వాళ్లను పాతబస్తీ సందులో ఒక దేవిడీ ముందు దించాడు. ఏ నవాబో కట్టించుకున్న భవంతట, ఇప్పుడు ఒక ధర్మసంస్థ నడిపే లైబ్రరీ. వరండా మెట్టెక్కిన బాలమ్మ టక్కున ఆగిపోయింది. స్తంభం మీద చెయ్యి పెట్టి తడిమింది. రంగులు మారి మారి చిలుక సగం పూడిపోయింది గానీ, ముక్కు వేలికి తగిలింది.

"ఇదే" అంది.

కృష్ణయ్య మెట్లెక్కాడు. గుమ్మం దాకా వచ్చి లోపలికి తొంగి చూశాడు. హాలు నిండుగా ఉంది. ఏదో పరీక్ష దగ్గరపడ్డట్టుంది, బల్ల బల్లకూ పిల్లలే. తలెత్తాడు. అతుకు ఉన్న చోట పొడుగాటి చెమ్మ మరక. దాని అంచు వెంట వెంట్రుకవాసి పగులు, నాలుగు వైపులా తిరిగొచ్చి కలుసుకుంటోంది. సరిగ్గా దాని కింద ఒక పిల్ల మోచేతుల మీద ఆనుకుని రాసుకుంటోంది. ఆమె భుజం మీద, పుస్తకం మీద తెల్లటి పొడి. ఆ పిల్ల దాన్ని ఉఫ్ అని ఊది మళ్లీ రాయడం మొదలెట్టింది.

"లెవ్వు బిడ్డా! లెవ్వు ఆడికెంచి!" కృష్ణయ్య కేక వేశాడు. హాలంతా ఉలిక్కిపడింది.

లైబ్రేరియన్ రామచంద్రయ్య కళ్లద్దాలు సర్దుకుంటూ పరుగున వచ్చాడు. "ఎవరయ్యా నువ్వు? ఇది లైబ్రరీ అనుకున్నవా, సంత అనుకున్నవా?"

"సారు, ఒక్క పొడుగు కట్టె ఇప్పియ్యుండ్రి. ఆ పిల్లను జర లేపుండ్రి. కాల్మొక్త."

అతని మొహంలో ఏం కనబడిందో గానీ రామచంద్రయ్య గబగబా ఆ బల్ల దగ్గరికి పోయాడు. పిల్లను లేపాడు, బూజుకర్ర తెప్పించాడు. కృష్ణయ్య దూరంగా నిలబడి కర్ర చాచి, ముందు పక్కనున్న పాత సున్నాన్ని తట్టాడు. టక్ మంది. తరువాత అతుకును తట్టాడు. బొద్ మంది, ఖాళీ కుండలా. రెండు గుప్పిళ్ల గార జలజలా రాలి ఆ పిల్ల కూర్చున్న కుర్చీలో పడింది. ఎవరూ ఏమీ అడగకుండానే హాలు ఖాళీ అయిపోయింది.

"నీకెట్ల తెలిసింది?" అన్నాడు రామచంద్రయ్య.

బాలమ్మ వెనక నుంచి మొగుడి అంగీ పట్టి లాగింది. చెప్పకు అని ఆ లాగుడు. ఒక్క అబద్ధం, ఇంకో మేస్త్రీ చెప్పిండని ఒక్క మాట అంటే తప్పించుకుని బస్సెక్కేయొచ్చు. అదీ తట్టింది అతనికి.

"నేనే ఏసిన సారు. సున్నం నానేదాక ఆగలే. తప్పని తెల్సే ఏసిన."

రామచంద్రయ్య హాలుకు తాళం వేయించాడు, ఎవరికో ఫోన్ చేసి ఇంజనీరును పంపమన్నాడు. ఇద్దరినీ తన గదిలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడు. కృష్ణయ్య తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు. పోలీసులు ఇప్పుడొస్తారా, కాసేపాగి వస్తారా అని గుమ్మం వైపే చూస్తున్నాడు.

"పోలీసులెవరూ రారు పెద్దాయనా" అన్నాడు రామచంద్రయ్య. "నువ్వు రాకపోతే ఆ పిల్ల ఏమయ్యేది? నీళ్లు తాగు."

అప్పుడొచ్చింది కృష్ణయ్యకు ఏడుపు. నెల రోజుల భయం భుజాలు ఊపేస్తూ బయటికొచ్చింది. రామచంద్రయ్య ఆగాడు. ఏడుపు తగ్గాక ఒక తెల్లకాయితం ముందు పెట్టుకుని, కలం మూత తీసి, మెల్లగా అడిగాడు.

"అతుకు తెలవకుంట వేసినవు కదా. మీ మేస్త్రీకి అది బాగ నచ్చే ఉంటది. మరి ఇసుంటిది ఇంక యాడయాడ వేసినవు?"

నచ్చడమేమిటి, ఆ రిబ్బను కత్తిరించిన నాటి నుంచి పాత కప్పంటే కృష్ణయ్యనే పిలిచాడు మేస్త్రీ. నాలుగేళ్లు అదే పని. నెల రోజులుగా ఈ ఒక్క కప్పునే తలుచుకున్నాడు గానీ మిగతావాటి ఊసే మనసు రానివ్వలేదు. ఇప్పుడవన్నీ ఒక్కసారిగా నెత్తి మీదికి వచ్చాయి. అతని చూపు తనకు తెలియకుండానే ఆ గది పైకప్పు మీదికి పోయింది.

బాలమ్మ మొగుడి అంగీ వదిలేసింది. కుర్చీ ముందుకు జరుపుకుంది.

"రాసుకో సారూ, నేను చెప్త" అంది. "స్టేషన్ ఎనక ఆడపిల్లల హాస్టలు. దానెనకే బాలింతల దవాఖాన. నీళ్ల ట్యాంకు కాడ బడి, అండ్ల మూడు తరగతులు..."

కలం పరుగెత్తింది. కాయితం సగం నిండింది, ముప్పావు నిండింది. బయట వాన జోరందుకుంది. కృష్ణయ్య రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఇంకో కాయితం తియ్ సారూ" అంది బాలమ్మ.